రాత్రి ఆస్పత్రిలో, పగలు ప్రయోగశాలలో
(డా. యల్లాప్రగడ సుబ్బారావు గారి బోస్టన్ తొలి రోజులు)

డిగ్లీపూర్‌కు పోస్టింగ్ మీద వచ్చినవారికి మొదటి నెల ఎలా గడుస్తుందో నేను చెప్పక్కర్లేదు. పోర్ట్ బ్లెయిర్ (2024 నుంచి శ్రీ విజయపురం) దాకా వచ్చి, అక్కడినుంచి ట్రంక్ రోడ్డు మీదో, ఓడలో ఏరియల్ బే జెట్టీకో చేరి, పెట్టెలు విప్పేసరికి వాన పట్టుకుంటుంది. అయినా మనకి క్వార్టరుంది, మెస్సుంది, జీతం ఆగదు, సెలవు దొరికితే ఇంటికెళ్లి వస్తాం. ఇవేవీ లేకుండా పరాయి దేశంలో దిగిన ఒక తెలుగు డాక్టరు గారి సంగతి ఈ సంచికలో రాయాలనిపించింది.

సుబ్బారావు గారు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. చిన్నప్పుడు కాశీలో యాత్రికులకు అరటిపళ్లు అమ్మి డబ్బు గడిద్దామని ఇల్లు వదిలి పారిపోతే తల్లి వెనక్కి పట్టుకొచ్చిందని చెబుతారు. మెట్రిక్ మూడోసారికి గానీ గట్టెక్కలేదు. మన పిల్లల మార్కులు చూసి బెంగపడేవాళ్లు ఈ ముక్క గుర్తుపెట్టుకోవచ్చు! మద్రాసు మెడికల్ కాలేజీలో గాంధీ గారి పిలుపు విని ఖద్దరు కట్టారు. అది సర్జరీ ప్రొఫెసరుకు నచ్చలేదు. చివరికి చేతికొచ్చింది ఎంబీబీఎస్ కాదు, దానికంటే చిన్నదైన ఎల్.ఎం.ఎస్. ఈలోగా స్ప్రూ అనే విరేచనాల జబ్బు ఇద్దరు అన్నదమ్ముల్ని కొద్ది రోజుల తేడాలో తీసుకుపోయింది. ఆ జబ్బు మూలం తెలుసుకోవాలనే పట్టుదల అప్పుడే మొదలైంది.

మామగారు కస్తూరి సూర్యనారాయణమూర్తి గారి సాయంతోనూ, కాకినాడ సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ సాయంతోనూ 1920ల తొలినాళ్లలో ఆయన ఓడెక్కారు. భార్య శేషగిరి గారు ఇక్కడే ఉండిపోయారు. ఒక అక్టోబరు 26న బోస్టన్‌లో దిగారు. అక్కడ అక్టోబరు చివరంటే చలి ముదిరే రోజులు, సాయంత్రం పెందరాళే చీకటి పడుతుంది. గోదావరి జిల్లా మనిషికి అదెలా ఉంటుందో ఊహించుకోండి.

హార్వర్డులో ఉష్ణదేశ వ్యాధుల చదువుకు సీటైతే ఉంది, బతుకుతెరువు లేదు. ఆయన చదివిన చదువుతో అమెరికాలో వైద్యం చేసే లైసెన్సు రాదు. అందుకని మెడికల్ స్కూలు పక్కనే ఉన్న పీటర్ బెంట్ బ్రిగమ్ ఆస్పత్రిలో రాత్రి పోర్టరుగా చేరారు. రోగుల మలమూత్రాల పాత్రలు ఎత్తి కడగడం ఆ ఉద్యోగం. మద్రాసులో స్టెతస్కోపు పట్టిన మనిషి! రాత్రంతా ఆ పని, తెల్లారితే పాఠాలు. ఈ లెక్కన నిద్ర ఎప్పుడు పోయేవారో!

1924కల్లా డిప్లొమా తీసుకుని, బయోకెమిస్ట్రీలో సైరస్ ఫిస్కే గారి ప్రయోగశాలలో చేరారు. అక్కడ ఆయన అసలు సత్తా బయటపడింది. రక్తంలోనూ మూత్రంలోనూ ఫాస్ఫరస్ ఎంతుందో నీలిరంగు చిక్కదనం చూసి లెక్కకట్టే పద్ధతిని ఇద్దరూ కలిసి 1925లో ప్రచురించారు. నేటికీ విద్యార్థులు దాన్ని ఫిస్కే–సుబ్బారావ్ పద్ధతి అనే నేర్చుకుంటున్నారు. ఆ పద్ధతి పట్టుకునే 1927లో కండరాల్లో ఫాస్ఫోక్రియాటిన్‌నీ, 1929లో ఏటీపీనీ వెలికితీశారు. పొద్దున్నే పీటీలో విజిల్ పడగానే మనం దూకే మొదటి నాలుగడుగులకి ఖర్చయ్యేది ఆ ఫాస్ఫోక్రియాటినే.

1930లో పీహెచ్.డి. వచ్చింది గానీ హార్వర్డులో శాశ్వత ఉద్యోగం దక్కలేదు. 1940లో లెడర్లీ కంపెనీకి వెళ్లి పరిశోధన విభాగానికి పెద్ద అయ్యారు. అక్కడ 1945లో ఫోలిక్ యాసిడ్ తయారైంది. అన్నదమ్ముల్ని పొట్టనపెట్టుకున్న స్ప్రూకి అది మందుగా పనికొచ్చింది. వాళ్లు పోయి అప్పటికి పాతికేళ్లు దాటింది.

మన సర్వీసువాళ్లకి దగ్గరైన మందు ఇంకోటుంది. రెండో ప్రపంచయుద్ధంలో పసిఫిక్ దీవులకు పంపిన అమెరికన్ సైనికులు వేలమంది బోదకాలు పురుగు బారిన పడ్డారు. సుబ్బారావు గారి బృందం 1947లో తెచ్చిన హెట్రజాన్, అంటే డీఈసీ, దానికి మందు. మనకు దక్షిణాన నాన్‌కౌరీ దీవుల్లో బోదకాలు అదుపుకోసం ఐసీఎంఆర్ వారు ఉప్పులో కలిపి జనానికి ఇచ్చింది కూడా ఈ డీఈసీనే.

1946లో చట్టం మారి భారతీయులకు అమెరికా పౌరసత్వం తీసుకునే వీలు కలిగింది. ఆయన తీసుకోలేదు. అలాగని ఇంటికీ రాలేదు. 1948 ఆగస్టులో అక్కడే కన్నుమూశారు. ఓడెక్కిన నాటి తర్వాత శేషగిరి గారు ఆయన్ని మళ్లీ చూడలేదు.