గాలి సంచి లేని రోజుల్లో కూస్తో

పోయిన సెలవుల్లో వైజాగ్‌లో స్కూబా కోర్సుకి వెళ్ళాను. రెండో రోజు ఆరు మీటర్ల లోతులో మునిగిపోతున్నానేమో అని భయపడి, జాకెట్‌లోకి గాలి వదిలే బటన్ గట్టిగా నొక్కేశాను. అంతే, బెలూన్‌లా పైకి లేచిపోయా. మా సార్ ఫిన్ పట్టుకుని ఆపారు. అలాంటప్పుడు ఊపిరి బిగబడితే ఊపిరితిత్తులే పగిలిపోవచ్చట.

తప్పు నాదే, కానీ నేను జాకెట్‌ని తిట్టుకున్నా. వింగ్ అయితే ఇలా అయ్యేది కాదేమో అని వెతకడం మొదలుపెట్టాను. జాకెట్‌లో గాలి ఒంటి చుట్టూ ఉంటుంది, నీటిపైన నిటారుగా హాయిగా తేలొచ్చు. వింగ్‌లో గాలంతా వీపు వెనకే, అడుగున బల్లపరుపుగా ఈదడం సులువు. మరి ఈ రెండూ లేనప్పుడు ఏం చేసేవాళ్ళు? అలా వెతికితే జాక్ కూస్తో దొరికాడు.

కూస్తో 1910 జూన్ 11న ఫ్రాన్స్‌లో పుట్టాడు. నేవీలో చేరి పైలట్ అవుదామనుకున్నాడు. ఇరవైల్లో ఉండగా కారు ప్రమాదంలో చేతులు విరిగాయి, విమానం కల పోయింది. చేతులకి బలం రావాలని సముద్రంలో ఈదేవాడు. తోటి ఆఫీసర్ ఫిలిప్ తైయే ఇచ్చిన గాగుల్స్‌తో నీళ్ళలోకి చూశాక ఇక వెనక్కి రాలేదు.

యుద్ధం రోజుల్లో పెట్రోల్ కరువు. కార్లు గ్యాస్‌తో నడవడానికి ఎమిల్ గాన్యాన్ అనే ఇంజనీర్ ఒక వాల్వ్ చేశాడు. ఇద్దరూ కలిసి దాన్నే శ్వాస కోసం మార్చారు, మనం పాత కోడ్‌ని కొత్త ప్రాజెక్ట్‌లో వాడినట్టు. 1943లో అదే ఆక్వాలంగ్ అయింది.

కానీ అప్పట్లో గాలి సంచి లేదు. నడుముకి సీసం బరువులు, మిగతాది ఊపిరి. నిండా పీలిస్తే కొంచెం పైకి, వదిలితే కొంచెం కిందికి. పది మీటర్లు దిగితే పీడనం రెట్టింపు, గాలి సగానికి నలుగుతుంది. అందుకే దిగేకొద్దీ మనిషి ఇంకా బరువెక్కుతాడు. ఆ లెక్క సరిచేయడానికి, ముక్కుతో గాలి వదిలి నింపుకునే సూట్ ఒకటి కూస్తో తయారు చేశాడు.

ఆ ప్రయోగాలు ఊరికే కాలేదు. 1946లో వోక్లూజ్ ఊటలో దిగినప్పుడు సిలిండర్లలో ఇంజిన్ పొగ కలిసిన గాలి ఉంది. కూస్తో, స్నేహితుడు ద్యూమా చావు దగ్గరికి వెళ్ళి బయటపడ్డారు. 1947లో సహచరుడు మోరిస్ ఫార్గ్ 120 మీటర్ల దగ్గర స్పృహ తప్పి, ప్రాణాలతో తిరిగి రాలేదు.

1956లో కూస్తో సినిమాకి కాన్‌లో పెద్ద బహుమతి వచ్చింది. అందులోనే పగడపు దిబ్బని డైనమైట్‌తో పేల్చారు, షార్కులని చంపారు. అదే మనిషి తర్వాత సముద్రాన్ని కాపాడమని ప్రపంచమంతా తిరిగాడు. 1979లో కొడుకు ఫిలిప్ విమాన ప్రమాదంలో పోయాడు. అయినా పని ఆపలేదు. 1997 జూన్ 25న, 87 ఏళ్ళకి కన్నుమూశాడు.

మెడకి వేసుకునే గాలి సంచి 1961లో ఫెంజీ అనే మరో ఫ్రెంచ్ ఆయన తెచ్చాడు. డెబ్బైల్లో జాకెట్ వచ్చింది, ఆ తర్వాత ఫ్లోరిడా గుహల డైవర్ల వల్ల వింగ్ పేరు తెచ్చుకుంది. ఏదైనా చేసేది ఒకటే: గాలి నింపడం, వదలడం.

ఇదంతా చదివాక అర్థమైంది, నా సమస్య సంచి కాదు, నడుము మీద అక్కర్లేని సీసం. అది లాగుతోందని గాలి నింపా, గాలి ఎక్కువై ఎగిరా. మర్నాడు సార్‌తో చెప్పి బరువు మళ్ళీ చూసుకుంటే రెండు కేజీలు తీసేయాల్సి వచ్చింది. జాకెట్ అదే వేసుకున్నా. ఈసారి బటన్ జోలికి పోకుండా, నెమ్మదిగా ఊపిరి పీల్చా. కొంచెం పైకి లేచా. వదిలా, దిగా. కూస్తో ఎనభై ఏళ్ళ కింద చేసింది అదే కదా అనిపించింది.

వింగ్ సంగతి తర్వాత చూద్దాం.