రెండు చదువుల సురవరం

నేను లా చదువుతున్నానని మా ఊళ్లో అందరికీ తెలుసు. దానితో పాటు చరిత్ర కూడా చదువుతున్నానని మా నాన్నకే చాలాకాలం తెలియదు.

మాది అనకాపల్లి జిల్లా కె. కోటపాడు. లా యూనివర్సిటీ మాకు దగ్గర్లో సబ్బవరంలోనే ఉంది గాని నాకక్కడ సీటు రాలేదు. అది వేరే సంగతి. ఇక్కడ బి.ఏ., ఎల్.ఎల్.బి. అయిదేళ్ల కోర్సులో చేరాను. రెండు పట్టాలూ ఒకే ముడిలో వస్తాయి. తాతల నాటి ఎకరం ముప్పై సెంట్ల మీద మాకు కోర్టులో దావా నడుస్తోంది. ఇంట్లో ఒక వకీలుంటే మంచిదని నాన్న ఆశ. రెండో ఏడు సెలవులకి వెళ్లినప్పుడు నా సంచిలో ఆంధ్రదేశ చరిత్ర పుస్తకాలు చూసి, ఇవి చదివితే కేసు గెలుస్తామేటని అడిగారు. నేను నీళ్లు నమిలాను. చరిత్ర పేపర్లు ఏదో పాసయితే చాలుననిపించింది కూడా.

ఆ రోజుల్లోనే లైబ్రరీలో సురవరం ప్రతాపరెడ్డిగారి ఆంధ్రుల సాంఘిక చరిత్ర చేతికి తగిలింది. రచయిత ఎవరా అని చూద్దును గదా, ఆయనా లా పట్టభద్రుడే!

1896 మే 28న పుట్టారు. గద్వాల సంస్థానంలోని ఇటిక్యాలపాడు స్వగ్రామం. కర్నూలులోనూ హైదరాబాదులోనూ చదివి, మద్రాసు వెళ్లి బి.ఏ., బి.ఎల్. పూర్తిచేశారు. తెలుగు, సంస్కృతం, ఉర్దూ, ఇంగ్లీషు, పారశీకం వచ్చు. అంతటి చదువు చదివి కోర్టులో స్థిరపడితే డబ్బుకి లోటేమిటి? ఆయనకి వకాలతు మీద మనసు నిలవలేదు. 1924లో హైదరాబాదు రెడ్డి హాస్టల్ నిర్వహణకి వచ్చి, అక్కడి గ్రంథాలయాన్ని పెంచడంలో పడ్డారు.

ఆనాటి నిజాం రాజ్యంలో కోర్టులు, కచేరీలు ఉర్దూలో నడిచేవి. 1918లో పెట్టిన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బోధనా ఉర్దూలోనే. 1921లో హైదరాబాదులో కార్వే పండితుడి అధ్యక్షతన జరిగిన సంఘ సంస్కరణ సభలో ఆలంపల్లి వెంకటరామారావు అనే వకీలు తెలుగులో మాట్లాడబోతే సభ గేలిచేసింది. సాటి వకీలుకి సొంత భాషలో నోరెత్తే వీలు లేని చోట, ప్రతాపరెడ్డిగారు 1926 మే 10న గోలకొండ పత్రిక మొదలుపెట్టారు. సభ జరపాలంటే ముందుగా సర్కారు అనుమతి తెచ్చుకోవలసిన రోజుల్లో, 1930లో జోగిపేటలో జరిగిన మొదటి నిజాం రాష్ట్రాంధ్ర మహాసభకి అధ్యక్షత వహించారు.

నాకు అన్నిటికంటె నచ్చింది 1934 నాటి సంగతి. నిజాం రాష్ట్రంలో తెలుగు కవులే లేరని ఒకరు తీర్మానించేశారు. ఇంకొకరైతే తిట్టి ఊరుకునేవారేమో. ఈయన ఊరూరి నుంచీ కవుల పద్యాలూ వివరాలూ తెప్పించి, 354 మందితో గోలకొండ కవుల సంచిక అచ్చువేశారు. అభియోగానికి జవాబు సాక్ష్యం. ఇది వకీలు చేసే పని కాదూ? ఉత్తరాంధ్ర వాణ్ణి గనక ఆ బాధ నాకు తెలుసు. పాఠ్యపుస్తకాల్లో మా ప్రాంతం ఒక పేరాలో వచ్చి పోతుంది. మా యాస సినిమాల్లో నవ్వించడానికి పనికొస్తుంది.

1949లో వచ్చిన సాంఘిక చరిత్రలోనూ అదే పద్ధతి. రాజుల వంశవృక్షాలు పక్కకు నెట్టి, తూర్పు చాళుక్యుల కాలం నుంచి 1907 దాకా జనం ఏం తిన్నారు, ఏం కట్టారు, ఏ ఆటలాడారు అని అడిగారు. పాల్కురికి సోమనాథుణ్ణీ, క్రీడాభిరామాన్నీ, శ్రీనాథుణ్ణీ, హంసవింశతినీ బోనెక్కించారు. రాజుని పొగిడేటప్పుడు కవి అబద్ధమాడవచ్చు; పూటకూళ్లింటి వంటకాల గురించి అబద్ధమాడి అతనికి ఒరిగేదేముంది? లాభంలేని సాక్షి మాటకి విలువెక్కువని మేం ఎవిడెన్స్ క్లాసులో చదువుకున్నాం. అయితే ఆయనకి కోపం ఎక్కువే. మనవాళ్ల మూఢనమ్మకాల ప్రసక్తి వస్తే సాక్ష్యం చూపడం ఆపి తీర్పు చెప్పేస్తారు. అక్కడక్కడ ఆయనతో వాదించాలనిపించింది నాకు.

1952లో వనపర్తి నుంచి శాసనసభకి ఎన్నికయ్యారు. మరుసటి ఏడు ఆగస్టు 25న పోయారు. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడటానికి ఇంకా నెల పైచిలుకు ఉంది. కేంద్ర సాహిత్య అకాడమీ 1955లో తెలుగుకిచ్చిన మొదటి బహుమతి ఈ పుస్తకానికే. అందుకోవడానికి ఆయన లేరు.

మొన్న సంక్రాంతికి ఇంటికెళ్లినప్పుడు తాతయ్య ట్రంకుపెట్టె దింపించాను. అడుగున ఒక శిస్తు రసీదు దొరికింది, దాని మీద ఫసలీ 1350 అని ఉంది. ఆ అంకె అచ్చుతప్పని నాన్న ఎప్పుడో పక్కన పడేశారట. మా వకీలుగారూ దాన్ని చూడలేదు. ఫసలీకి 590 కలపాలని నాకు చరిత్ర క్లాసులో చెప్పారు. అంటే 1940-41. జమీందారీలు రద్దుచేసిన చట్టం 1948లో వచ్చింది. ఎస్టేటుకి శిస్తు కట్టిన రైతుకి ఆ చట్టం కింద రైత్వారీ పట్టా పొందే హక్కుంది. రసీదు మీద పేరు మా ముత్తాతది.

ఇంత ఆలస్యంగా కాగితం దాఖలు చేయాలంటే కోర్టు అనుమతి కావాలి. వకీలుగారు పిటిషను రాస్తున్నారు. వచ్చే వాయిదాకి నన్నూ రమ్మన్నారు. నాన్న ఆ రసీదుని ప్లాస్టిక్ కవరులో పెట్టి, పెట్టెలో ఇంకేమున్నాయో చూడమని మళ్లీ దింపించారు.