నీలం రంగు లెక్క తేల్చిన సుబ్బారావు

మాది గద్వాల దిక్కు. సీడు పత్తి చేలల్లో డీఏపీ బస్తాల మధ్య పెరిగినోళ్లం. బస్తా మీద 18-46-0 అని ఉంటది. ఆ 46 ఫాస్ఫరస్ లెక్క. చేనుకు వేసిన దాంట్లో కొంత వానకు కొట్టుకుపోయి వాగుల్లోకి, అక్కడి నుంచి కృష్ణలోకి పోతుంది. జూరాల, బీచుపల్లి, వనపర్తి ఒడ్డు, నాగర్‌కర్నూల్ జిల్లాలో సోమశిల, ఆ తర్వాత శ్రీశైలం. డ్యాములన్నీ దాటి మిగిలిన నీళ్లు హంసలదీవి దగ్గర బంగాళాఖాతంలో కలుస్తాయి.

సముద్రంలో కంటికి కనిపించని జీవులు కోటానుకోట్లు. వాటికి డీఏపీ బస్తా ఎవరు వేస్తారు? ఈ ప్రశ్న వెంట చదువుకుంటూ పోతే చివరికి నేను తేలింది ఒక తెలుగాయన దగ్గర. ఆయనే భీమవరంలో 1895 జనవరి 12న పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. సముద్రం మీద ఆయన పరిశోధన ఏమీ చేయలేదు. కానీ కణం ఏం తిని బతుకుతుంది, ఆ తిండిని ఎట్ల కొలవాలి అనే రెండు ప్రశ్నలే ఆయన జీవితమంతా.

చిన్నప్పుడు చదువు పెద్దగా అబ్బలేదు. కాశీకి పోయి యాత్రికులకు అరటిపండ్లు అమ్ముకుందామని ఇల్లు వదిలి బయల్దేరాడు, దారిలోనే పట్టుకొచ్చారు. మెట్రిక్ మూడోసారికి గట్టెక్కింది. (సప్లీలు ఉన్న ఫ్రెండ్స్ ఈ వాక్యం స్క్రీన్‌షాట్ తీసుకోవచ్చు.) సన్యాసం వైపు మనసు పోతే తల్లి ఒప్పుకోలేదు. మద్రాస్ మెడికల్ కాలేజీలో చేరాడు. గాంధీ పిలుపు విని ఖద్దరు వేసుకున్నందుకు సర్జరీ ప్రొఫెసర్‌కు కోపమొచ్చింది. చివరికి ఎంబీబీఎస్ బదులు దానికంటే చిన్నదైన ఎల్‌ఎంఎస్ చేతికొచ్చింది.

ఇంతలో ఇంట్లో పిడుగు పడింది. అన్నదమ్ములు ఇద్దరు కొద్ది రోజుల తేడాలో పోయారు. జబ్బు పేరు స్ప్రూ. తిన్నది ఒంటికి పట్టదు, పేగు పోషకాలను పీల్చుకోదు, మనిషి ఎండిపోతాడు. చుట్టూ తిండి ఉన్నా కణానికి అందకపోవడం అంటే ఏంటో ఆయన పుస్తకంలో కాదు, ఇంట్లో చూశాడు.

మామగారి సాయం, కాకినాడలోని సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ సాయంతో 1922 అక్టోబరులో బోస్టన్‌లో దిగాడు. భార్య శేషగిరి ఇక్కడే ఉండిపోయింది. పుట్టిన కొడుకు పసితనంలోనే పోయాడు. సుబ్బారావు మళ్లీ ఇండియాకు రాలేదు. ఈ ముక్క దగ్గర నాకు ఆయన మీద కోపం వస్తది. ఎంత గొప్ప పనైనా గానీ, అటు ఎదురుచూసిన మనిషి లెక్క ఏ జర్నల్‌లోనూ ఉండదు గదా.

హార్వర్డ్‌లో చదువుకుంటూ, ఖర్చులకు రాత్రిళ్లు ఆస్పత్రిలో పోర్టరు పని చేశాడు. తర్వాత సైరస్ ఫిస్కే ల్యాబ్‌లో చేరాడు. పని ఏమిటంటే రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్ ఎంతుందో కొలవడం. ఫాస్ఫేట్‌కు మాలిబ్డేట్ కలిపి, క్షయకరణం చేస్తే నీలం రంగు వస్తుంది. రంగు ఎంత చిక్కగా ఉంటే ఫాస్ఫేట్ అంత ఎక్కువ. ఈ సంగతి ముందే తెలుసు. కానీ పాత పద్ధతుల్లో రంగు నెమ్మదిగా వచ్చేది, వేరే పదార్థాలు అడ్డం పడేవి. వీళ్లిద్దరూ మెరుగైన క్షయకారిణిని పట్టుకొని 1925లో ప్రచురించిన పద్ధతే ఫిస్కే–సుబ్బారావు పద్ధతి. మన ఎన్విరాన్‌మెంటల్ ల్యాబ్‌లో నీళ్లలో ఫాస్ఫేట్ చూసేటప్పుడు వచ్చే నీలం కూడా ఈ కుటుంబందే. సముద్రపు నీళ్లకూ అంతే.

అసలు మజా ఇక్కడుంది. కండరం నుంచి తీసిన ద్రవానికి ఈ పరీక్ష చేస్తే రంగు ఒక్కసారిగా రాకుండా, నిమిషాలు గడిచేకొద్దీ ముదిరేది. మనమైతే రీడింగ్ తప్పిందని ఇంకోసారి చేసి, యావరేజ్ రాసి రికార్డు సబ్మిట్ చేస్తాం. వాళ్లు మాత్రం ఆగి ఆలోచించారు. ఏదో ఫాస్ఫేట్‌ను పట్టుకొని కూర్చుంది, ఆమ్లంలో మెల్లగా వదులుతోంది అని గ్రహించారు. అట్ల 1927లో దొరికింది ఫాస్ఫోక్రియాటిన్. కండరం లాక్టిక్ ఆమ్లంతోనే నడుస్తుందన్న నమ్మకానికి అప్పటికే నోబెల్ వచ్చి ఉంది, అది కదిలిపోయింది. 1929లో కండరం నుంచే ఏటీపీని వేరు చేశారు. అదే ఏడాది జర్మనీలో లోమన్ కూడా విడిగా కనిపెట్టాడు.

ఇప్పుడు సముద్రానికి పోదాం. ఏటీపీలో మూడు ఫాస్ఫేట్లు. అంటే ఫాస్ఫరస్ లేకపోతే ఏ జీవికీ కరెంటు లేదు. బంగాళాఖాతం పైపొరలో నదుల మంచినీళ్లు తేలికగా తేలుతూ మూతలాగ పరుచుకుంటాయి. లోతున ఉన్న పోషకాలు సులభంగా పైకి రావు. పైనున్న సూక్ష్మజీవులు ఏం చేస్తాయంటే, ఫాస్ఫేట్ తక్కువైనప్పుడు ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అనే ఎంజైమును కత్తెరలాగ వాడతాయి. చచ్చిన కణాల నుంచి నీళ్లలో కలిసిన సేంద్రియ పదార్థాల్లోంచి ఫాస్ఫేట్‌ను కత్తిరించి లోపలికి లాక్కుంటాయి. ప్రోక్లోరోకాకస్ అయితే ఇంకా పొదుపు. తన పొర కొవ్వుల్లో ఫాస్ఫరస్ బదులు చాలావరకు గంధకం వాడుకుంటుంది. చచ్చిన కణంలో ఏటీపీ త్వరగా నశిస్తుంది కాబట్టి, సముద్రపు నీళ్లలో బతికున్న సూక్ష్మజీవం ఎంతుందో కొలవడానికి 1960ల నుంచి ఏటీపీనే గుర్తుగా తీసుకుంటున్నారు.

ఇంత చేసినా హార్వర్డ్‌లో సుబ్బారావుకు శాశ్వత ఉద్యోగం రాలేదు. ఆయన వేరు చేసిన కొన్ని పదార్థాలను ఫిస్కే అసూయతో బయటికి రానివ్వలేదని, వాటిని తర్వాత వేరేవాళ్లు మళ్లీ కనిపెట్టాల్సి వచ్చిందని అదే ల్యాబ్‌లో పనిచేసిన జార్జ్ హిచింగ్స్ తర్వాత చెప్పాడు. ఆ హిచింగ్స్‌కు 1988లో నోబెల్ వచ్చింది.

1940లో న్యూయార్క్ దగ్గర పెర్ల్ రివర్‌లోని లెడర్లీ ల్యాబ్స్‌కు మారాడు. అక్కడ కాలేయంలోని ఒక పదార్థం వెంట పడ్డారు. అది ఎంతుందో తేల్చడానికి త్రాసు చాలదు. లాక్టోబాసిలస్ కేసీ అనే బ్యాక్టీరియాకు దాన్ని తినిపించి, ఎంత పెరిగిందో చూసి లెక్క కట్టేవాళ్లు. సూక్ష్మజీవి ఆకలే కొలబద్ద. 1945 కల్లా ఆయన బృందం దాన్ని కృత్రిమంగా తయారుచేసింది. అదే ఫోలిక్ యాసిడ్. స్ప్రూ రోగుల్లో పనిచేసింది. సముద్రంలోనూ విటమిన్ల కథ ఇట్లనే ఉంటది. చాలా ఆల్గీలు బీ12 సొంతంగా చేసుకోలేవు, బ్యాక్టీరియా చేసిందే వాటికి దిక్కు.

ఫోలిక్ యాసిడ్‌ను పోలిన నకిలీ అణువు అమినోప్టెరిన్ కూడా అక్కడిదే. కణం దాన్ని తిండి అనుకొని మోసపోతుంది. సిడ్నీ ఫార్బర్ దాంతోనే పిల్లల ల్యుకేమియాకు మొదటి ఊరట తెచ్చాడు. ఊళ్లల్లో ప్రభుత్వం పంచే బోదకాలు మాత్రలోని డీఈసీ కూడా ఈ బృందందే. 1948లో వచ్చిన ఆరియోమైసిన్, అంటే మొదటి టెట్రాసైక్లిన్, ఆయన నడిపిన పరిశోధన విభాగంలోనే డగ్గర్ మట్టిలోని సూక్ష్మజీవి నుంచి తీశాడు. ఇప్పటికీ స్ప్రూకు ఇచ్చేవి ఫోలిక్ యాసిడ్, టెట్రాసైక్లిన్‌లే. తమ్ముడూ అన్నా పోయినప్పుడు ఈ రెండూ లేవు.

అదే 1948 ఆగస్టులో, 53 ఏళ్లకే, నిద్రలో గుండె ఆగి పోయాడు. 1995లో మన తపాలా శాఖ స్టాంపు వేసింది. అంతకు చాలా ముందే, 1953లో, హెసెల్టైన్ అనే శాస్త్రవేత్త ఒక కొత్త శిలీంధ్రానికి సుబ్బరోమైసెస్ స్ప్లెండెన్స్ అని ఆయన పేరు పెట్టాడు. అది దొరికింది మురుగునీటిని శుద్ధి చేసే ట్రిక్లింగ్ ఫిల్టరులో. రాళ్ల మీద జిగురులాగ పట్టుకొని, పైనుంచి జారే మురికినీళ్లలోంచి తనకు కావలసింది ఏరుకొని తింటుంది.