కార్డు పోయింది.. పని ఆగలేదు!
సొంత ఊళ్లో ఆరేళ్లు పని చేయడానికి వీల్లేదంటే మీరేం చేస్తారు? జాజ్ పియానిస్ట్ థెలోనియస్ మంక్‌కి అదే జరిగింది. 1917లో నార్త్ కరోలినాలో పుట్టి, న్యూయార్క్‌లో పెరిగారు. 1951లో డ్రగ్స్ కేసులో అరెస్టయ్యారు. అప్పట్లో అక్కడి క్లబ్బుల్లో వాయించాలంటే పోలీసులిచ్చే క్యాబరే కార్డు ఉండాల్సి వచ్చేది. అది కాస్తా పోయింది. భార్య నెల్లీ ఉద్యోగం చేసి ఇల్లు నెట్టుకొచ్చారు. మంక్ మాత్రం బాణీలు కట్టడం ఆపలేదు. 1956లో ‘బ్రిలియంట్ కార్నర్స్’ రికార్డు చేశారు. 1957లో కార్డు తిరిగొచ్చింది. ఫైవ్ స్పాట్ క్లబ్బులో శాక్సోఫోన్ కళాకారుడు జాన్ కోల్‌ట్రేన్‌తో కలిసి నెలల తరబడి వాయించి, జనాన్ని రప్పించారు. 1964లో ‘టైమ్’ ముఖచిత్రమయ్యారు. 1982లో కన్నుమూశాక, 2006లో పులిట్జర్ ప్రత్యేక గౌరవం దక్కింది. కార్డు చేతికొచ్చేసరికి ఆయన దగ్గర బాణీలు రెడీగా ఉన్నాయి. ఆఫర్ లెటర్ వచ్చేలోగా మీ దగ్గరేం రెడీ అవుతోంది?