పల్లకీలో ఒకరు, నేల మీద అందరూ

తార్నాకలో బస్సు దిగి ఆర్ట్స్ కాలేజీ దాకా నడవాలంటేనే మనకి బద్ధకం. ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న మద్రాసు నుంచి కాశీకి బయల్దేరాడు. తిరిగి ఇల్లు చేరింది 1831 సెప్టెంబరు 3న. పదిహేను నెలలు!

చిన్నప్పుడే తండ్రిని పోగొట్టుకున్న మనిషి. ఇంగ్లీషు నేర్చుకుని, మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీ అయ్యాడు. తిరుపతి, శ్రీశైలం, మన హైదరాబాదు, నాగపూరు మీదుగా కాశీ చేరి, గయ, కలకత్తా, పూరీ మీదుగా వెనక్కొచ్చాడు. వెంట సుమారు వంద మంది.

రోజూ మజిలీలో దిగాక రాయడమే ఆయన అలవాటు. ఊరికీ ఊరికీ ఎంత దూరం, నీళ్లున్నాయా, సరుకులు దొరుకుతాయా, దిగడానికి చోటుందా, దారి ఎలా ఉంది... తర్వాత వచ్చేవాళ్లకి పనికొచ్చేవన్నీ రాసి స్నేహితుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్లెకి పంపేవాడు. 1836లో ఆయన పోయాక, 1838లో పిళ్లె వాటిని కాశీయాత్ర చరిత్రగా అచ్చువేయించాడు.

ఒక్కటి మర్చిపోకూడదు. ఆయన వెళ్లింది పల్లకీలో. ఆ దారిని కాళ్లతో కొలిచింది బోయీలు. రాసినవాడి పేరు మనకి తెలుసు, మోసినవాళ్ల పేర్లు తెలీవు. రేపు మన ప్రాజెక్ట్ రిపోర్టు రాసేటప్పుడు రెండూ గుర్తుంచుకుందాం: ఏరోజుది ఆరోజే రాయాలి, మోసినవాళ్ల పేర్లూ రాయాలి.