యల్లాప్రగడ సుబ్బారావు

పలాసనుండి సముద్రమువైపు సాగిన నేలకు ఉద్దానమని పేరు. కొబ్బరి, జీడి, పనస తోటలతో నిండిన ఆ సీమ చూపరుల కన్నులకు పండువుగా నుండును. కాని అచ్చటి రాత్రులు అందరకును సుఖనిద్ర నిచ్చునవి కావు. నడిరేయి దగ్గుతెర వచ్చి, రొమ్ములో పిల్లికూతలు పుట్టి, ఊపిరి చాలక పడకపై లేచి కూర్చుండువారు ఆ తీరమునను, టెక్కలి పరిసరములందును, మన కోస్తా యంతటను కలరు. ఇరుగుపొరుగువారు దానిని ఉబ్బసమందురు.

చాలమార్లు అది ఉబ్బసమే. దుమ్ము, పొగ, చలిగాలి మొదలగువాని వలన శ్వాసనాళములు ముడుచుకొనిపోవుటచే కలుగు వ్యాధి అది. పొగకును దుమ్మునకును దూరముగా నుండి, వైద్యు డిచ్చిన పీల్చుమందును మానక వాడుకొన్నచో, ఉబ్బసరోగి చదువుకొనవచ్చును, పొలము పని చేసికొనవచ్చును. అయితే కొందరి యందు కారణము వేరు. దోమకాటు వలన దేహమున చేరిన బోదపురుగుల పిల్లలు ఊపిరితిత్తులలో చిక్కుకొనగా, దేహము వానిపై చేయు తిరుగుబాటే వారి ఆయాసమునకు మూలము. అది ఉబ్బసపు మందులతో పోదు. దానిని పోగొట్టు మందు ఒక తెలుగువాని నాయకత్వమున పుట్టినది. తన మందు ఈ పనికి కూడ వచ్చునని ఆయన ఎరుగడు.

ఆయనయే యల్లాప్రగడ సుబ్బారావు. 1895 జనవరి 12వ తేదీన భీమవరమున జన్మించెను. తండ్రి జగన్నాథము, తల్లి వెంకమ్మ. ఇంట కలిమి లేదు. బాలునికి చదువుపై అంతగా మనసు నిలువలేదు. పదుమూడవయేట కాశికి పోయి యాత్రికులకు అరటిపండ్లు అమ్మి ధనవంతుడు కావలెనని ఇల్లు విడిచి పారిపోయెను. పెద్దలు దారిలో పట్టి తెచ్చిరి. మెట్రిక్యులేషన్ పరీక్షలో రెండుమార్లు తప్పి, మూడవమారు మద్రాసు హిందూ హైస్కూలునుండి గట్టెక్కెను. తరువాతి కాలమున రామకృష్ణ మఠమున చేరి సన్యసింపవలెనని తలపోసెను గాని తల్లి అంగీకరింపలేదు. తుదకు మద్రాసు వైద్య కళాశాలలో ప్రవేశించెను.

ఆ రోజులలోనే ఆ కుటుంబముపై పిడుగు పడినది. అన్నయగు పురుషోత్తము, తమ్ముడగు కృష్ణమూర్తి ఎనిమిది దినముల వ్యవధిలో గ్రహణి వ్యాధికి బలియైరి. తిన్న అన్నము ఒంటబట్టక, రక్తము క్షీణించి, మనుష్యుడు కృశించిపోవు రోగమది. నాటి వైద్యులు దానికి సరియైన మందు నెరుగరు. కొంతకాలమునకు అదే వ్యాధి సుబ్బారావును పట్టినది. ఆయుర్వేద వైద్యుడగు డాక్టరు ఆచంట లక్ష్మీపతి చికిత్సచే ఆయన బ్రతికెను. తన అన్నదమ్ములను పొట్టన పెట్టుకొన్న రోగము యొక్క మూలమును తెలిసికొనవలె నను పట్టుదల ఆ దినములలోనే కుదురుకొన్నదని తలంచుట తప్పు కాదు.

గాంధీమహాత్ముని పిలుపు విని ఖద్దరు ధరించుటచే ఒక ఆచార్యుని ఆగ్రహమునకు పాత్రుడై, ఎం.బి.బి.యస్.కు బదులు తక్కువదగు ఎల్.ఎం.ఎస్. పట్టముతో తృప్తి పడవలసి వచ్చెను. కొన్నాళ్లు ఆయుర్వేద కళాశాలలో బోధించి, మామగారు మొదలగువారి సహాయముతో అమెరికాలోని బోస్టన్ చేరెను. భార్య శేషగిరి ఇంటనే నిలిచిపోయెను. ఆ దంపతులు మరల కలిసికొనలేదు. మందుల మాట వచ్చినపుడు ఈ మూల్యమును ఎవరును లెక్కింపరు.

బోస్టన్‌లో పగలు హార్వర్డు విశ్వవిద్యాలయమున ఉష్ణమండల వైద్యము నభ్యసించుచు, రాత్రులందు ఆస్పత్రిలో రోగుల మలమూత్ర పాత్రలు శుభ్రము చేయు పనికి కుదిరెను. పిదప ఫిస్క్ అను ఆచార్యునితో కూడి, రక్తములోని భాస్వరమును కొలుచు పద్ధతిని 1925లో ప్రకటించెను. కండరములకు శక్తి నిచ్చు పదార్థములను గూర్చి వారు చేసిన పరిశోధనలు లోకవిఖ్యాతములు. అయినను అచ్చట స్థిరమగు పదవి లభింపలేదు. 1940లో న్యూయార్కు రాష్ట్రమందలి లెడర్లీ ఔషధశాలలో చేరి, పరిశోధన శాఖకు అధిపతి యయ్యెను.

1945లో ఆయన బృందము ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేసెను. గ్రహణిచే క్షీణించిన రక్తమును అది బాగుచేసినది. అన్నదమ్ములు పోయిన ఇన్నేండ్లకు ఆ మందు చేతికందెను.

అదే కాలమున రెండవ ప్రపంచయుద్ధము జరుగుచుండెను. పసిఫిక్ దీవులలో పోరాడిన అమెరికను సైనికులకు వేలకొలదిగా బోదవ్యాధి సోకెను. శ్రీకాకుళము మొదలగు మన తీర జిల్లాలకు ఆ వ్యాధి క్రొత్తది కాదు. వాచిన కాళ్లతో కుంటువారిని చూడని ఊరు అరుదు. అంతవరకు దానికి వాడిన పాషాణపు మందులు రోగినే బాధించునవి. సుబ్బారావు బృందము వందలకొలది రసాయనములను, పురుగులు సోకిన ఎలుకలపై ఒక్కొక్కటిగా పరీక్షించి, తుదకు నోటితో మ్రింగదగిన డైఇథైల్ కార్బమజైన్ అను మందును నిర్ణయించెను. 1947లో ప్రకటింపబడిన ఆ మందునకు హెట్రజాన్ అని వ్యవహారనామము. మరుసటి యేడు ఆగస్టులో, ఏబదిమూడవయేట, సుబ్బారావు న్యూయార్కులో నిద్రలోనే మరణించెను.

రాత్రివేళ ఆయాసపడు ఆ రోగుల కథ ఆయన పోయిన పిదప నడచినది. ఆ వ్యాధిని వైన్‌గార్టెన్ అను వైద్యుడు 1943లో భారతదేశమున గుర్తించి వర్ణించెను. కాని దాని మూలము ఆయనకును తెలియలేదు. 1950 తరువాతి దశకమున వైద్యులు హెట్రజాన్ ఇచ్చి చూడగా, ఏండ్లకొలది కూర్చుండి రాత్రులు గడిపినవారు కొన్ని దినములలోనే పడుకొని నిద్రింపసాగిరి. రక్తములో వెదకినను బోదపురుగు పిల్లలు కనిపింపకుండుట వలన సంశయము మిగిలినది. 1960లో వేలూరు క్రైస్తవ వైద్య కళాశాల వైద్యులు వానిని రోగుల ఊపిరితిత్తులలోనే కనుగొని ఆ సంశయమును తీర్చిరి.

అందుచేత ఈ తీరమున పుట్టి పెరిగిన వానికి రాత్రి దగ్గు, పిల్లికూతలు వారములకొలది విడువనిచో, వివేకియగు వైద్యుడు ముందుగా రక్తము పరీక్షించును. ఇయోసినోఫిల్ అను తెల్లకణములు ఆరోగ్యవంతుని ఘనమిల్లీమీటరు రక్తములో 500కు లోపుగా నుండును. ఈ వ్యాధియందు అవి 3,000కు మించును. అప్పుడు వ్యాధి నిర్ణయమైనచో మూడు వారములు ఆ మాత్రలు మ్రింగవలెను. ఆలసించినచో ఊపిరితిత్తులు గట్టిపడి, పిమ్మట ఏ మందునకును లొంగవు. కణములు మామూలుగా నున్నచో ఉబ్బసమునకు పీల్చుమందు వ్రాసియిచ్చును.

2004లో దేశమందలి బోదవ్యాధి జిల్లాలన్నిటను ఏటికొకమారు ఈ మాత్రలు ఇంటింటికి పంచు కార్యక్రమ మారంభమైనది. ఆరోగ్య కార్యకర్తలు వాకిట నిలిచి, గ్రుక్కెడు నీళ్లతో మాత్రలు మ్రింగించి, పుస్తకమున పేరు వ్రాసికొని పొరుగింటికి పోవుచుండిరి.