స్వేచ్ఛ ఎవరి కొరకు? – అల్లూరి సీతారామరాజు జీవితం నేర్పే పాఠం

స్వాతంత్ర్యం అనగానే మనకు సంకెళ్లు తెగిపోవటం గుర్తుకు వస్తుంది. అది సగం మాత్రమే. విడుదలైన చేతులు తర్వాత ఏ పని చేస్తాయన్నది మిగిలిన సగం. శతవార్షికోత్సవం జరుపుకొంటున్న మన సంఘాలు ఈ రెండవ సగాన్ని గూర్చి ఆలోచించాలి. అందుకు సహాయపడే ఒక జీవితం మనకు ఎంతో దగ్గరలో ఉంది. ఏటికొప్పాక నుండి నర్సీపట్నం మీదుగా పడమటి కొండల వైపు వెళ్తే కృష్ణాదేవిపేట వస్తుంది. అల్లూరి సీతారామరాజు సమాధి అక్కడే ఉంది.

ఆయన 1897 జూలై 4న పాండ్రంగిలో జన్మించారు. తండ్రి వెంకటరామరాజు ఛాయాచిత్రకారులు. తల్లి సూర్యనారాయణమ్మ. చిన్నతనంలోనే తండ్రి మరణించగా, తహశీల్దారుగా పనిచేసిన పినతండ్రి రామకృష్ణంరాజు కుటుంబానికి అండగా నిలిచారు. నర్సాపురంలోను, విశాఖపట్నంలోను ఆయన చదువుకున్నారు గాని, చదువు పూర్తి కాలేదు. ఉత్తర దేశమంతా తిరిగి వచ్చి, 1917లో కృష్ణాదేవిపేట చేరుకున్నారు. నాటువైద్యం, జ్యోతిషం తెలిసిన యువ సన్యాసిగా కొండవారు ఆయనను గౌరవించారు.

ఆ దినాల్లో కొండవారి స్థితి ఎట్లుండేది? మన ఊరి బొమ్మ సంగతే చూడండి. దానికి కావలసిన అంకుడు కర్ర, పైన పూసే లక్క, రెండూ అడవి ఇచ్చినవే. మన ఊరికి అన్నం పెట్టిన ఆ అడవిలోనే పుట్టి పెరిగినవారికి మాత్రం 1882 నాటి మద్రాసు అటవీ చట్టం అడుగడుగునా అడ్డు పెట్టింది. చెట్లు నరికి కాల్చి, ఆ బూడిదలో విత్తనాలు చల్లే పోడు వ్యవసాయమే వారి బ్రతుకు. అది నేరమైపోయింది. కట్టెపుల్ల తెచ్చుకోవాలన్నా అధికారికి భయపడాలి. దొరల సామాను మోయటానికి వెట్టి. నర్సీపట్నం నుండి లంబసింగి మీదుగా చింతపల్లికి రోడ్డు వేయించేటప్పుడు గూడెం డిప్యూటీ తహశీల్దారు బాస్టియన్ వారిచేత పని చేయించి, కూలి సరిగా ఇవ్వలేదు. తరతరాలుగా ముఠాదారులుగా ఉన్నవారి హక్కులు కూడా తగ్గిపోయాయి.

ఈ కష్టాల్లో ఒక్కటి కూడా సీతారామరాజు మీద పడలేదన్న సంగతిని మనం గమనించాలి. ఆయన మైదాన ప్రాంతంవారు, క్షత్రియ కుటుంబీకులు, చదువుకున్నవారు. ఆయనచేత వెట్టి చేయించేవారు లేరు. తన పూజ, తన ధ్యానం చూసుకుంటూ హాయిగా ఉండవచ్చు. అంత స్వేచ్ఛ ఆయనకున్నది. ఆ స్వేచ్ఛను ఆయన తన కొరకు దాచుకోలేదు.

మొదట ఆయన తుపాకి పట్టలేదు. సారా మానమని కొండవారికి బోధించారు. తగాదాలకు కోర్టులకు పోక, పంచాయతీల్లో తీర్చుకొమ్మన్నారు. ప్రభుత్వానికి అనుమానం కలిగి, 1922 ఆరంభంలో ఆయనపై నిఘా పెట్టారు. అప్పుడు ఫజులుల్లా ఖాన్ అనే డిప్యూటీ కలెక్టరు దయ చూపి, పైడిపుట్టలో ఆయనకు భూమి ఏర్పాటు చేయించారు. చేతికి భూమి వచ్చింది, అధికారి ఆదరణ దొరికింది. చాలామంది జీవితాలు అటువంటి చోటనే స్థిరపడిపోతాయి. తప్పు పట్టేవారు కూడా ఉండరు. ఆయన మాత్రం ఆ భూమిని విడిచి, కొండవారి యొద్దకు తిరిగి వచ్చారు.

1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణాదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్లపై ఆయన అనుచరులతో దాడి చేశారు. మూడు చోట్ల కలిపి 26 తుపాకులు, 2,500కు పైగా తూటాలు దొరికాయి. ఏమేమి తీసుకున్నదీ వ్రాసి, సంతకం పెట్టి మరీ వెళ్లారు. రాజవొమ్మంగిలో నిర్బంధంలో ఉన్న మొట్టడం వీరయ్యదొరను విడిపించారు. గాం గంటందొర, గాం మల్లుదొర సోదరులు ఆయనకు కుడిఎడమల నిలిచారు. సెప్టెంబరు 24న దామనపల్లి కనుమలో స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు ఆంగ్ల అధికారులు చనిపోయారు. ముందు నడిచిన భారతీయ సిపాయిలను మాత్రం పోనిచ్చారు.

ప్రభుత్వం మలబారు పోలీసులను, అస్సాం రైఫిల్స్ దళాన్ని దింపింది. రాజు తలకు పదివేల రూపాయల వెల కట్టింది. ఆయన ఆచూకీ కొరకు ఊళ్లకు ఊళ్లే హింసలు పడ్డాయి. చివరకు 1924 మే 7న మంప దగ్గర పట్టుబడ్డారు. విచారణ లేకుండానే కొయ్యూరులో చెట్టుకు కట్టి కాల్చివేశారు. అప్పటికి ఆయనకు ఇంకా 27 ఏళ్లు నిండలేదు.

సువార్త సేవకునిగా నేను ఆయన తుపాకిని సమర్థించలేను. దామనపల్లిలో పడినవారికి కూడా తల్లులున్నారు. అయితే ఆయన మార్గాన్ని కాదనటానికి ముందు ఒక ప్రశ్నకు మనం జవాబు చెప్పాలి. తుపాకి లేకుండా ఆ వెట్టివారి పక్షాన నిలువగలిగిన మనం నిలిచామా? స్వాతంత్ర్యం పొందినవారు ప్రేమతో ఒకరికొకరు దాసులు కావాలని గలతీ సంఘానికి పౌలు నేర్పిన సంగతి మనకు తెలుసు. తెలిసినదాన్ని చేయటమే కష్టం.

మల్లుదొర పట్టుబడి, చాలాకాలం చెరలో ఉండి బయటపడ్డారు. 1952లో విశాఖపట్నం నుండి మొదటి లోక్‌సభకు ఎన్నికయ్యారు. ఒకనాడు తుపాకి పట్టిన చేయి, స్వేచ్ఛ వచ్చిన తర్వాత ప్రజల తరఫున శాసనాలు చేసే పనికి పూనుకున్నది. అడవిబిడ్డల పోడు భూములకు హక్కునిచ్చే చట్టం 2006లో వచ్చింది. 2022లో పాడేరు కేంద్రంగా ఏర్పడిన జిల్లాకు సీతారామరాజు పేరు పెట్టారు. పేరు పెట్టుకోవటం సులభం. కాగితాలు చదవలేని ఒక కొండ రైతును వెంటబెట్టుకొని ఆఫీసు మెట్లు ఎక్కటానికి ఒక దినం ఖర్చవుతుంది.

ప్రియ సహోదరీ సహోదరులారా, మనకు చదువు ఉంది, ఓటు ఉంది, నిర్భయంగా కూడుకొని ఆరాధించుకొనే స్వేచ్ఛ ఉంది. వీటిలో చాలా భాగం ఇతరులు కష్టపడి మనకు సంపాదించి పెట్టినవే. మన స్వేచ్ఛలో నుండి పొరుగువాని కొరకు ఈ సంవత్సరం ఒక్క దినమైనా తీసి ఇద్దాం. మన శతవార్షికోత్సవానికి అంతకు మించిన కానుక నాకు తోచటం లేదు.